జడ్త ఇయ్యని యాట

గద్వాల,
నవంబర్ 9, ఆదివారం.

బిడ్డ మహీన్‌కు మీ అబ్బ దీవెనలు.

ఇక్కడ నేనూ మీ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. పుణెలో నీవు కూడా వేళకు తిని, కంటి నిండా పడుకుని చదువుకుంటున్నావని తలుస్తాను. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నా మీద కోపం తగ్గలేదు. దాని కారణం ఈ ఉత్తరంలోనే వస్తుంది, తొందరపడి చివరి పేజీ తిప్పకు. వానలు విడవకుండా కొట్టి పత్తి చేన్లోనే నల్లబడిందని మన ఊరివాళ్లు వచ్చి చెప్పిపోతున్నారు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. "ఫోన్లో మీరు నన్ను మాట పూర్తి చేయనియ్యరు అబ్బా. కాగితం మీదైతే మధ్యలో అడ్డం రాలేరు, అందుకే రాస్తున్న" అని మొదలుపెట్టావు. మీ అమ్మ ఆ ముక్క చదివి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకోనీ. ఇరవై ఆరేళ్లుగా కాలేజీలో తెలుగు చెప్తున్నవాణ్ని, అంతకంటే ఎక్కువ ఏళ్లుగా పత్రికలకు రాస్తున్నవాణ్ని. కాగితం మీద అడ్డం రావడం కూడా నాకు చేతనవును.

ఉత్తరం ఐదు పేజీలు. లెక్కపెట్టాను, దాచడం ఎందుకు? చిచ్చా అన్న మాట, అంటే నా తమ్ముడు సుభాన్ ఊసు, ఇరవై ఒక్కసారి ఉంది. అబ్బా అన్నది ఆరుసార్లు, అందులో నాలుగు ప్రశ్నలకు ముందు. ఇది చదివి నీవు నవ్వుతావు. నవ్వు. నేను మాత్రం నవ్వుతూ రాయలేదు.

ఇక నీ ప్రశ్నలు. దవాఖానకు పోయారా అని అడిగావు, పోయాను. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, అరవడం తగ్గించమన్నాడు. ఉప్పు తగ్గించాను.

రెండోది తన్వీర్ సంగతి. "ఆయన మాట నచ్చకపోతే మాటకు జవాబియ్యుండ్రి. గడ్డం గురించి ఎందుకు రాసిండ్రు?" అన్నావు. గడ్డం మాట నా తప్పే. ఒక మనిషి మొహం మీద ఏం పెంచుకుంటాడో అది ఆ మనిషి ఇష్టం అని వంద వ్యాసాల్లో రాసినవాణ్ని, నూట ఒకటోదానిలో ఎగతాళి చేశాను. ఒప్పుకుంటున్నాను. మిగతాది ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను.

వనపర్తిలో ఫంక్షన్ హాలులో మేమిద్దరం వాదించుకున్న రోజు నీవు లేవు, ఎవరో పంపిన రెండు నిమిషాల వీడియో చూసి మాట్లాడుతున్నావు. తన్వీర్ తెలివైనవాడు, నాకు ఆ సంగతి నీకంటే బాగా తెలుసు. ఫోన్లు బాగుచేసే షాపులో కూర్చుని, నాలుగేళ్లలో మూడు జిల్లాల పిల్లలతో సంఘం కట్టాడు. దీన్, అంటే మతం, నమాజు ఒక్కటే కాదు, ఓటూ చట్టమూ పంచాయితీ తీర్పూ అన్నీ దాని కిందికే రావాలనేది వాళ్ల మాట. ఆ రోజు లేచి చాలా నెమ్మదిగా అడిగాడు.

"సార్, మీరు ఎప్పుడు సూసినా ఒక్క మనిషి హక్కు, ఒక్క మనిషి హక్కు అంటరు. కొట్టనీకె వచ్చినోడు పేరు అడిగి కొడుతుండు. గప్పుడు మీ ఒక్క మనిషి ఏడికి పోవాలె? జమాత్, మన గుంపు దగ్గరికే గద రావాలె."

హాలంతా చప్పట్లు. నిజం చెప్పాలంటే నాకూ కొట్టాలనిపించింది, ఎందుకంటే ఆ భయం నాదీనూ. బస్సులో పేరు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగడం నేనూ నేర్చుకున్నాను. అయినా జవాబు చెప్పాను. "రావాలె తమ్మీ. వచ్చినంక జమాత్ ఏం అడుగుతది? నమాజుకు ఎందుకు రాలే, నీ బిడ్డ ఏం తొడుక్కున్నది, దర్గాకు ఎందుకు పోయినవ్ అని అడుగుతది. బయటోని నుంచి కాపాడినందుకు లోపలోనికి మనిషిని రాసియ్యాల్నా?"

నాకు చప్పట్లు రాలేదు. రెండో వరసలో ఒక ముసలాయన మాత్రం తల ఊపాడు. నా మాట ఇప్పటికీ అదే. నమ్మకం మనిషిది. దాన్ని రాజ్యం చేతికి ఇస్తే మొదట నలిగేది నమ్మినవాడే. గుడి పేరు చెప్పి ఓట్లు అడిగేవాళ్లకు ఇదే నోటితో ఇదే మాట చెప్పాను, వాళ్లు నా స్కూటరు టైర్లు కోశారు. తన్వీర్ మనుషులు టైర్లు కోయలేదు. "దూదేకులోనికి కల్మా సక్కగ పలకరాదు, మనకు రాజకీయం చెప్తుండు" అన్నారు. ఏది ఎక్కువ కోసిందో నీకు చెప్పనక్కర్లేదు. మీ తాత ఖాసీం సాబ్‌ను పట్నం మసీదులో ఇదే మాట అని నవ్వితే, పక్కన నేనున్నాను, మీ చిచ్చా ఉన్నాడు. వాడు మరుసటి వారానికి మరిచిపోయాడు. నేను నలభై రెండేళ్లుగా మరిచిపోలేదు. మా ఇద్దరి తేడా అంతా అందులో ఉంది.

తన్వీర్‌కు సంఘం పెట్టుకునే హక్కు ఉందన్నావు. ఉంది. దాన్ని కాదనే హక్కు నాకుంది. మీ లా కాలేజీలో ఇంకోలా చెప్తే పుస్తకం చూపించు, చదువుతాను.

మూడో ప్రశ్న దర్గాకు యాటను, అంటే మేకను, మొక్కుకున్న దేవమ్మ గురించి, బాగా రాశావు. "యాటకు హక్కులున్నయంటరు, మరి మొక్కుకున్న దేవమ్మకు లేవా? మొక్కు ఆమె సొంతం కాదా?" అన్నావు. సొంతమే. ఉపవాసం ఉండమను, గుండు చేయించుకోమను, కొండ మోకాళ్ల మీద ఎక్కమను, నేను ఒక్క మాట అనను. తన మొక్కును ఇంకొక ప్రాణి మెడ మీద తీర్చుకునే చోట నా అభ్యంతరం. ఆ ప్రాణి మొక్కుకోలేదు కదా. ఒకరి హక్కు ఇంకొకరి చర్మం దగ్గర ఆగాలని నీకు మొదటి ఏడాది చెప్పే ఉంటారు. ఆ చర్మానికి వెంట్రుకలుంటే లెక్క మారుతుందని ఎక్కడా రాయలేదు.

ఇది నాకు పుస్తకాలతో వచ్చిన బుద్ధి కాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మీ తాత నన్ను దర్గాకు తీసుకుపోయి, యాట కాళ్లు పట్టుకోమన్నాడు. దాని గుండె నా మోచేతికి కొట్టుకుంది. అక్కడే కక్కుకున్నాను. ఆయన తిట్టలేదు. నా మూతి కడిగి, "నీతోని కాదు బేటా, నువ్వు బడికి పో" అన్నాడు. ఆరేళ్ల సుభాన్ వచ్చి నేను వదిలిన కాళ్లు పట్టుకున్నాడు. పట్టుకుని ఊరికే ఉండలేదు, దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పాడు. అది కదలడం మానింది. మీ తాత వాణ్ని చూసిన చూపు నాకు గుర్తుంది. దర్గాలో యాటను కోసే మా ఇంటి పని అట్లా వానికి పోయింది. నేను బడికి పోయాను.

నీకు ఆ దర్గా సంగతులన్నీ తెలుసు, అయినా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో చివరికి నీకే అర్థమవుతుంది. ఇటిక్యాల దగ్గరి మన ఊరి గుట్ట కింద పీరు దర్గా. బిజినేపల్లి నుంచి, వీపనగండ్ల నుంచి, అన్ని కులాలవాళ్లూ వచ్చి అక్కడ యాటను కోయించి అందరికీ అన్నం పెడతారు, దాన్ని కందూరు అంటారు. కోసేది మన ఇంటివాళ్లే. కోసే ముందు యాట వీపు మీద నీళ్లు చల్లి ఆగాలి. అది ఒళ్లు విదిలిస్తే జడ్త ఇచ్చినట్టు, అంటే పీరు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే మిగతా చోట్ల ఇంకో చెంబు పోస్తారు, ఇంకోటి పోస్తారు, చివరికి అది వణికి విదిలిస్తుంది. మీ చిచ్చా ఒక్క చెంబే పోస్తాడు. తర్వాత ఎంతసేపైనా కూర్చుంటాడు.

మొన్న ఏప్రిల్‌లో దర్గా ఉర్సు జాతరలో నీవూ ఉన్నావు. దేవమ్మ కొడుకు ఆపరేషన్ అయి బతికి బయటపడ్డాడని నల్ల మేకపోతును తెచ్చింది. నేను మైకు కట్టిన ఆటోలో, మూగజీవాల హక్కుల కరపత్రాలతో వచ్చాను. జనం కరపత్రాలు మర్యాదగా తీసుకున్నారు, మర్యాదగా పరుచుకుని వాటి మీద కూర్చున్నారు. సుభాన్ పొద్దున తొమ్మిదికి చెంబెడు నీళ్లు పోశాడు. పోతు విదిలించలేదు. వాడు దాన్ని చింతచెట్టు నీడకు మార్చి, ముందర గడ్డి వేసి, తాను ఎండలో కూర్చున్నాడు. పది అయింది, పన్నెండు అయింది. నేను మైకులో అరుస్తూనే ఉన్నాను. ఒక్కడూ నా వైపు తిరగలేదు. అందరూ ఒక మేక వీపును చూస్తున్నారు.

"ఇంకో చెంబు పొయ్యి సుభాన్ సాబ్, అయిపోతది" అన్నాడు దేవమ్మ మొగుడు సాయన్న. "యాభై మందిని పిలిస్తి. ఆకలికి మా బామ్మర్ది నన్నే కోసేటట్టున్నడు."

"మల్ల పోస్తే సలికి ఇదిలిస్తది సాయన్నా. గది ఇచ్చినట్టు కాదు, గుంజుకున్నట్టు."

మూడు గంటలకు వాడు లేచి దేవమ్మ దగ్గరికి పోయాడు. "అక్కా, ఇది ఇయ్యనంటున్నది. ఇంటికి తోల్కపో. దీనికి బదులు పీరుకు చక్కెర సదివిస్త."

"మరి నా మొక్కు?"

"నువ్వు తెచ్చినవ్. అది ఒద్దన్నది. నీ తప్పేమున్నది అండ్ల?"

దేవమ్మ కాసేపు పోతును చూసింది. తర్వాత తాడు చేతికి చుట్టుకుని, "పా, నా సవితీ, ఇంటికాడ తిను" అని దాన్ని ఒక్క చరుపు చరిచింది. అందరూ నవ్వారు. సాయన్న పప్పు వండించాడు. ఆ యాభై మంది పప్పూ అన్నం తిని పోయారు. ఎవరూ గొణగలేదు.

ముప్పై ఏళ్లు రాసి, అరిచి, నేను ఒక్క యాటను కాపాడలేదు బిడ్డా. వాడు నోరు తెరవకుండా కాపాడాడు. నేను సంతోషపడాలి కదా, నా వాదమే గెలిచింది కదా. నేను ఆటో పక్కన చేతిలో మైకుతో నిలబడి ఉంటే, నీవు నా ముందు నుంచే పరుగెత్తిపోయి వాని చెయ్యి పట్టుకున్నావు. వెనక్కి తిరిగి నాతో అన్నావు, "అబ్బా, హక్కంటే గిది. మీరు చెప్తరు, చిచ్చా ఆగుతడు."

నేను చర్మం మీద నీళ్లు పడితే కండరం ఎట్లా అదురుతుందో, అది ఒప్పుకోవడం ఎందుకు కాదో చెప్పడం మొదలుపెట్టాను. నీవు కోపంగా కూడా అనలేదు. "తెలుసు అబ్బా" అన్నావు. ఆ తెలుసు అన్న మాట నన్ను ఎంత దూరం తోసిందో నీకు తెలియదు. ఆ రోజు నుంచి ఐదు రోజులు వాని ఇంట్లోనే ఉన్నావు. తర్వాత పుణె పోయి, మీ కాలేజీ చర్చలో ఆ నల్లపోతు సంగతి చెప్పి మొదటి బహుమతి తెచ్చుకున్నావు. ముప్పై ఏళ్ల నా వ్యాసాలు నీ అలమారాలోనే ఉన్నాయి. వాటిలో నుంచి ఒక్క వాక్యం కూడా నీకు పనికిరాలేదు.

వానికి నీ మీద ఏం హక్కు ఉందని అడగాలనిపించేది. మూడేళ్లప్పుడు జ్వరంలో నేను కథ చెప్తుంటే, "చిచ్చా చెప్తడు" అని నా నోటి మీద చెయ్యి పెట్టావు. వాడు ఊరిలో నడిస్తే ఎంకమ్మ నుంచి సర్పంచు దాకా పలకరిస్తారు. నేను నడిస్తే దారి ఇస్తారు. మీ తాత చనిపోయేటప్పుడు వాని తొడ మీద తల పెట్టుకున్నాడు. నాతో, "బాగ సదువుకున్నవ్ బేటా" అన్నాడు, చుట్టానికి చెప్పినట్టు. వీటన్నిటికీ అసూయ అని పేరు పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. విమర్శ అని, సిద్ధాంతం అని, వేరే పేర్లు నా దగ్గర చాలా ఉండేవి.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. "ఇరవై నాలుగో తారీఖు విచారణ. చిచ్చా మీద పెట్టిన దరఖాస్తుకు జవాబు మీరు రాస్తున్నరని చెప్పిండు. రాసిండ్రా? ఆ దరఖాస్తు కాపీ నాకు పంపిండు. అబ్బా, గింత గట్టి తెలుగు రాసెటోడు మన దిక్కు ఎవడున్నడు?" అన్నావు.

నేనున్నాను.

మళ్లీ చదవకు, సరిగ్గానే చదివావు. ఆ దరఖాస్తు నేను రాశాను. నీవు వాని ఇంట్లో ఉన్న మూడో రోజు, మధ్యాహ్నం కాలేజీ స్టాఫ్‌రూములో కూర్చుని, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. మామూలుగా నేను పేజీకి పది కొట్టివేతలు చేసే మనిషిని. దేవుని సన్నిధిలో జంతుబలి కూడదనే పాత చట్టం రాశాను, అది నిజమే. పిల్లల ముందు కోత కూడదని రాశాను, అదీ నా నమ్మకమే. తర్వాత రాశాను: "నోరులేని జీవాన్ని ఆరు గంటలపాటు మండుటెండలో నిలబెట్టి, మాటిమాటికీ నీళ్లు గుమ్మరించి, అది వణికి లొంగిపోయే దాకా హింసించడం ఇతని పద్ధతి."

ఎండలో కూర్చున్నది వాడు. యాట నీడలో ఉంది. నీళ్లు పోసింది ఒక్కసారి. నేను అక్కడే ఉన్నాను, చూశాను, చూసి అట్లా రాశాను. ముప్పై ఏళ్లలో అబద్ధం రాయలేదని తలెత్తుకుని తిరిగినవాణ్ని, రాసిన మొదటి అబద్ధం తమ్ముని మీద రాశాను. అది కూడా వాడు చేసిన మంచిపనినే తిరగేసి రాశాను.

అంతటితో ఆగలేదు. కిందన నా పేరు రాయలేదు, పశుప్రేమికులు అని రాశాను. ఒక్క సంతకమైనా గట్టిది కావాలనిపించి, వనపర్తి బస్సెక్కి తన్వీర్ షాపుకు పోయాను. అవును, ఆ తన్వీర్ దగ్గరికే. పీరు పేరు మీద కోయడం వాళ్ల లెక్కలో పాపం కాబట్టి వాడు కాదనడని నాకు తెలుసు. దర్గా కమిటీలో ఇప్పుడు సగం మంది వాళ్ల పిల్లలే.

తన్వీర్ స్టూలు తుడిచి వేశాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"సుభాన్ సాబ్ మీకు సొంత తమ్ముడే గద సార్?"

"తమ్ముడైతే తప్పు ఒప్పయితదా?"

"కాదు. నేను గట్ల అంటలేను. నాకు ఆయన చేసుడు ముమ్మాటికి నచ్చదు. అల్లా పేరు తీసి పీరు మొక్కు కోసుడేంది? ఆయన మొకం మీదనే చెప్పిన. 'నీ మాట నీది బేటా, చాయ్ తాగి పో' అన్నడు. తాగొచ్చిన." కలం తీసి తన పేరు, తండ్రి పేరు, షాపు అడ్రసు అన్నీ రాసి సంతకం పెట్టాడు. తర్వాత కాగితం నా వైపు జరిపాడు. "మీది?"

"అవసరం లేదు" అన్నాను.

తన్వీర్ కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను వాణ్ని మనిషి హక్కును జమాత్ కింద నలిపేవాడని నాలుగేళ్లుగా తిడుతున్నాను. ఆ రోజు ఆ షాపులో పేరు పెట్టి నిలబడ్డ మనిషి వాడు, గుంపు పేరు వెనక దాక్కున్నది నేను. నీవు వాని గడ్డం గురించి నన్ను నిలదీసిన ఉత్తరం చదువుతుంటే ఇదే కళ్ల ముందుకు వచ్చింది.

తర్వాతిది నీకు తెలుసు. కలెక్టరాఫీసు నుంచి నోటీసు వచ్చింది. విచారణ తేలే దాకా దర్గాలో కత్తి పట్టొద్దని కమిటీ తీర్మానం చేసింది. వాడు ఎవరితోనూ తగాదా పడలేదు. పెళ్లాం ఊరు వీపనగండ్లకు పోయి పరుపులు కుడుతున్నాడు. మన కులపు పని కదా, చెయ్యి మరిచిపోలేదన్నాడట.

పోయిన నెల ఆ నోటీసూ, దాని వెంట వచ్చిన దరఖాస్తు కాపీ పట్టుకుని మన ఇంటికి వచ్చాడు. మీ అమ్మ చాయ్ పెట్టింది. కుర్చీ ఇస్తే కూర్చోకుండా గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అన్నా, జర సదువు. ఎవరో గాని మస్తు రాసిండు. సదువుకుంట పోతుంటే, వీడెవడో పెద్ద దుర్మార్గుడున్నడే, వీన్ని ఇడ్సిపెట్టొద్దు అనిపిచ్చింది. తీరా పేరు సూస్తే నేనే."

మీ అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

"నువ్వే జవాబు రాయాలె. నీ లెక్క ఎవరు రాస్తరు?"

"రాస్త" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కటి అడుగుత, నిజం చెప్పన్నా. నువ్వు ఆ దినం ఆడనే ఉంటివి. నేను దాన్ని సతాయించిన్నా? నీడకే కట్టిననని నాకు యాదికున్నది. గని గిన్ని అక్షరాలల్ల రాసినంక, ఏమో, నేనే మర్సిపోయిన్నేమో అనిపిస్తుంది. ఇప్పుడు పరుపు కుట్టుకుంట కూసున్నా గదే పరేషాన్. ఇన్నేండ్ల సంది ఎన్నిటిని గిట్ల గోస పెట్టిన్నో అని."

నేను చాయ్ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మీ అమ్మ ఆ కాపీ తీసుకుని చదివింది. మూడో వాక్యం దగ్గర తలెత్తి నన్ను చూసింది. నా వాక్యాలు ఆమెకు నా దగ్గులాగా తెలుసు. నా చాయ్ సగం ఉండగానే గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఆ కోపమే ఇప్పటికీ ఉంది.

జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. రాసిన మూడుసార్లూ దరఖాస్తే గెలిచింది. దాన్ని అంత కట్టుదిట్టంగా రాశాను. ఒక వాదానికి ఇంకో వాదం అడ్డం పెట్టి లాభం లేదు, అది వాదంతో పుట్టింది కాదు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఏది చూసి ఏది రాశారు అని చెప్తే తప్ప దానికి జవాబు లేదు. అందుకే ఆ రోజు జరిగింది నీకు తెలిసినా వరసగా రాశాను. ఈ ఉత్తరమే ఆ జవాబు.

నీవింకా నల్లకోటు వేసుకోలేదు, విచారణలో నిన్ను మాట్లాడనిస్తారో లేదో తెలియదు. మాట్లాడనివ్వకపోయినా ఈ కాగితాలు వాళ్ల బల్ల మీద పెట్టు. తన్వీర్ గురించి ఉన్న భాగం కొట్టేయకు, నా అసూయ భాగమూ కొట్టేయకు. దరఖాస్తులో నేను రాసిన రెండు అబద్ధాల కింద గీత గీసి చూపించు. నేను కూడా వస్తాను. అడిగితే ఇవే మాటలు నోటితో చెప్తాను.

చెప్పి ఊరుకుంటాననుకోకు. జంతుబలి మానాలని అదే గదిలో, అదే సుభాన్ ముందు, ఈసారి నా పేరుతో వాదిస్తాను. ఆ మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. నీవు వాని వైపు నిలబడి నన్ను ఓడించు. ఓడిస్తే నాకు కడుపు మండుతుంది. అది ఇంత కాలం మండింది, ఒక్క ఉత్తరంతో చల్లారుతుందని నేను నమ్మించబోను. పేరు పెట్టి మండితే ఇంకొకరి ఇల్లు కాలదు, నేను తేల్చుకున్నది అంతే.

ఇంకొక్క పని. కాగితాలు బల్ల మీద పెట్టే ముందు, రాయచూరులో రైలు దిగి నేరుగా వీపనగండ్ల పో. మన ఇంటికి తర్వాత రావచ్చు. ఎట్లాగూ ముందు వాని దగ్గరికే పోతావు, ఈసారి నేనే పంపుతున్నాను అనుకోనీ. ఈ ఉత్తరం మొత్తం వానికి చదివి వినిపించు. వానికి తెలుగు చదవను వచ్చు, అయినా నీ గొంతులో వింటే కొంత మెత్తగా తగులుతుంది. ముందుగా ఒక్క వాక్యం చెప్పు, తక్కినది తర్వాత. యాట నీడలోనే ఉండె, నీళ్లు ఒక్కసారే పోసినవ్, అన్న కండ్లార సూసిండు అని చెప్పు. వాడు పరుపు కుట్టడం ఆపి వినే దాకా చెప్పు.

ఇట్లు,
ఆ దరఖాస్తు రాసినవాడు,
దూదేకుల మునవ్వర్, తండ్రి ఖాసీం సాబ్,
వయసు యాభై రెండు, తెలుగు అధ్యాపకుడు, గద్వాల.
నీకు అబ్బ,
సుభాన్‌కు అన్న.